స్కాన్‌లో గట్టి ఎముకలే, అయినా ఎందుకు అడగాలి?

(షాట్: విశాఖ ఫిషింగ్ హార్బర్, పొద్దున్నే. ఒడ్డుకెక్కించిన చెక్కబోటుకి మరమ్మతు జరుగుతోంది.)

నమస్కారం. ఇవాళ చేపల కోసం రాలేదు, ఈ బోటు కోసం వచ్చాను. ఉప్పునీళ్లలో తిరిగే బోటుకి పుచ్చిన చెక్క పీకాలి, కొత్తది బిగించాలి. మన ఎముకలకీ అదే పని. పెద్దవాళ్లలో ఏడాదికి సుమారు 10 శాతం ఎముక కరిగి, ఆ చోట కొత్తది వస్తుంది. ఆ పని మొదలుపెట్టమని కబురు పంపేవాటిలో ముఖ్యమైనది పారాథైరాయిడ్ హార్మోన్, డాక్టర్ల మాటలో పీటీహెచ్. అది తక్కువైతే ఎముకలకి ఏమవుతుందన్నదే ఇవాళ్టి మాట.

(గ్రాఫిక్: మెడ. థైరాయిడ్ వెనక నాలుగు చుక్కలు.)

దాన్ని తయారుచేసేవి పారాథైరాయిడ్ గ్రంథులు. బియ్యపుగింజంత ఉంటాయి, మామూలుగా నాలుగు. పేరు కలిసింది కదా అని థైరాయిడ్‌తో కలపకండి, పని వేరు. రక్తంలో కాల్షియం తగ్గగానే ఇవి పీటీహెచ్ వదులుతాయి. అది ఎముక నుంచి కాల్షియం తీయిస్తుంది, మూత్రంలో పోయేదాన్ని కిడ్నీలో ఆపిస్తుంది, విటమిన్ డిని పనికొచ్చే రూపంలోకి మార్పిస్తుంది. వీటిని మొదట చూసింది మనిషిలో కాదు, లండన్ జూలో చనిపోయిన ఖడ్గమృగంలో. అదీ మన ఇండియాదే! మనుషుల్లో 1880లో ఇవార్ సాండ్‌స్ట్రోమ్ అనే స్వీడన్ వైద్య విద్యార్థి వర్ణించాడు.

మర్రిపాలెంలో ఉండే మా పిన్నికి థైరాయిడ్ మొత్తం తీసేశారు. వెనకే ఉన్న ఈ గ్రంథులు అప్పుడు దెబ్బతినొచ్చు, అందుకే పీటీహెచ్ లోపం ఎక్కువగా ఇలాంటి ఆపరేషన్ల తర్వాతే వస్తుంది. పెదాల చుట్టూ, వేళ్ల చివర్లలో తిమ్మిర్లు, రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం. టెస్టు చేయిస్తే కాల్షియం తక్కువ, ఫాస్ఫరస్ ఎక్కువ, పీటీహెచ్ దాదాపు లేదు.

కొన్నేళ్లకి ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ తీయించాం. స్కోరు ప్లస్‌లో వచ్చింది, అంటే సగటు కన్నా సాంద్రత ఎక్కువ. "ఏటిరా ఇది, నా ఎముకలు స్టీల్‌ప్లాంట్‌లో పోతపోసినట్టున్నాయి!" అంది పిన్ని.

(షాట్: బోటు పక్కన నిలబడి.)

నిజమే, పీటీహెచ్ తక్కువైతే ఎముక సాంద్రత తరచుగా పెరుగుతుంది, ముఖ్యంగా నడుము దగ్గర వెన్నులో. పీకేవాడే రాకపోతే చెక్క తగ్గదు కదా. కానీ కొత్తదీ రాదు. ఎముక పాతబడుతూ, ఖనిజం పేరుకుంటూ ఉంటుంది. డెక్సా ఖనిజం ఎంతుందో కొలుస్తుంది, ఆ ఎముక ఎంత పాతదో చెప్పదు. వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఎక్కువని కొన్ని పరిశోధనల్లో కనిపించింది, మరీ ముఖ్యంగా ఆపరేషన్ వల్ల కాకుండా ఈ లోపం వచ్చినవాళ్లలో. అందుకే స్కోరు చూసి నిశ్చింతగా ఉండటం నాకు నచ్చదు. నడుంనొప్పి వస్తే, ఎత్తు తగ్గితే డాక్టర్‌ని అడగాలి.

మందులంటే కాల్షియం, కాల్సిట్రియాల్. మామూలు విటమిన్ డిని మార్చేందుకు పీటీహెచ్ లేదు కాబట్టి, మార్చిన రూపాన్నే ఇస్తారు. కాల్షియం మంచిదే కదా అని సొంతంగా పెంచేస్తే కిడ్నీలో రాళ్లు రావచ్చు, మూత్రంలో పోకుండా ఆపే హార్మోన్ లేదు మరి. హార్మోన్‌నే ఇంజెక్షన్‌గా ఇచ్చే పాలోపెగ్‌టెరిపారటైడ్‌కి 2024 ఆగస్టులో అమెరికాలో అనుమతి వచ్చింది. దాంతో ఎముక పని మళ్లీ మొదలై సాంద్రత కాస్త తగ్గుతుంది! కంగారు పడక్కర్లేదు, అది మామూలు స్థాయి వైపు రావడమే.

ఇంకొక్కటి, మా ఇంట్లో జరిగిన పొరపాటు. పిన్ని థైరాయిడ్ మాత్ర, కాల్షియం మాత్ర ఒకే గుక్కలో మింగేసేది. కాల్షియం ఆ మాత్రని ఒంటికి పట్టనివ్వదు, రెండింటికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. ఇప్పుడు ఒకటి పొద్దున్నే పరగడుపున, రెండోది మధ్యాహ్నం అన్నంతో.