ఆ రెండు మాత్రలు ఆపకండి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చెబితే నాకిచ్చిన సమయం అక్కడే అయిపోతుంది, మన్నించాలి.

మెదడు రక్తనాళం గోడ పలచబడి బుడగలా ఉబ్బితే దాన్ని అన్యూరిజం అంటాం. ఆ బుడగ మూతి సన్నగా ఉంటే, తొడ దగ్గరో మణికట్టు దగ్గరో ధమనిలోంచి సన్నటి గొట్టం పంపి బుడగలో ప్లాటినం కాయిల్స్, అంటే తీగ చుట్టలు, నింపుతాం. 1990లో గుగ్లియెల్మి అనే డాక్టరు చేసి చూపించిన దారి ఇది. మూతి 4 మిల్లీమీటర్లు దాటితే మాత్రం కాయిల్ లోపల నిలవదు, నాళంలోకి జారుతుంది. అప్పుడు బెలూన్ అడ్డుపెట్టి నింపాలి, లేదా స్టెంట్ వెయ్యాలి. నాళం రెండుగా చీలే చోటయితే వెబ్ అనే అల్లిక బుట్ట ఉంది.

25 మిల్లీమీటర్లు దాటిన పెద్ద బుడగలకు ఫ్లో డైవర్టర్ వాడతాం. అసలు నాళంలోనే అల్లిక గొట్టం పరుస్తాం. పైప్‌లైన్ అనే రకంలో 48 పోగులుంటాయి. రక్తం నాళం వెంట సాగిపోతుంది, బుడగలో ప్రవాహం మందగించి గడ్డకడుతుంది, నెలల మీద మూతికి కొత్త పొర వస్తుంది. గొట్టం వెడల్పు తక్కువైతే గోడకు అంటదు, ఆ సందులో గడ్డలు కడతాయి. ఎక్కువైతే అది పొడవుగా సాగి, పోగుల మధ్య సందులు పెరిగి, రక్తం బుడగలోకి పోతూనే ఉంటుంది.

ఇంకా స్లైడ్లున్నాయి, వాటిని వదిలేస్తున్నాను. మాత్రల గురించి చెప్పకుండా దిగను.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్. గొట్టం లోహం మీద రక్తం గడ్డకట్టకుండా చూసేవి ఈ రెండే. చికిత్సకు కొన్ని రోజుల ముందే మొదలుపెడతాం. కొందరి కాలేయం క్లోపిడోగ్రెల్‌ను పనిచేసే రూపంలోకి మార్చలేదు. మన దేశంలో అలాంటివాళ్లు తక్కువేం కాదు. అందుకే మాత్ర పనిచేస్తోందో లేదో చూసే ప్లేట్‌లెట్ పరీక్ష చేసి, అవసరమైతే టికాగ్రెలార్ అనే మరో మాత్రకు మారుస్తాం. ఆ తర్వాత సాధారణంగా ఆరు నెలలు రెండూ, ఆపైన ఆస్పిరిన్ ఒక్కటే చాలాకాలం. పగిలిన బుడగకు ఫ్లో డైవర్టర్ మొదట ఎంచుకోకపోవడానికి కారణం కూడా ఈ మాత్రలే: అవి వేసుకున్నాక తలలో నీరు తీసే గొట్టం (డ్రెయిన్) పెట్టాల్సి వస్తే రక్తస్రావం భయం.

మరి రోగులు ఈ మాత్రలు ఎందుకు ఆపేస్తున్నారు? చేతి మీద నల్లమచ్చ కనబడిందని, చిగుళ్ల నుంచి రక్తం వచ్చిందని, ఒంట్లో బాగానే ఉందని, చీటీలో రాసిన మాత్రలు అయిపోయాయని. కొత్త లోహం మీద పొర రాకముందే ఆపితే గొట్టంలోనే గడ్డకడుతుంది. ఆ నాళం మెడలోంచి పైకెళ్లే కెరోటిడ్ ధమని అయితే, సగం మెదడుకు రక్తం ఇచ్చే దారి మూసుకుపోయినట్టే. ఎన్ని గంటలు కష్టపడి ఆ గొట్టం పరిచినా ఏం లాభం, చెప్పండి?

ఈ హాల్లో పళ్ల డాక్టర్లున్నారు. అయ్యా, అమ్మా, పన్ను తియ్యడానికి ఈ మాత్రలు ఆపించకండి. గాజుగుడ్డ నొక్కి, కుట్టు వేసి, ట్రానెక్సమిక్ పుక్కిలింతతో రక్తం ఆపొచ్చు. అంతకంటే పెద్ద పనైతే ముందు గొట్టం వేసిన డాక్టరుకు ఫోన్ చెయ్యండి. మెడికల్ షాపు మిత్రులారా, గ్యాస్ మాత్ర అడిగితే ఒమెప్రజోల్ ఇవ్వకండి, అది క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తుంది. పాంటోప్రజోల్‌తో ఆ ఇబ్బంది తక్కువ.

ఇంట్లోవాళ్లూ వినండి. గొట్టం పేరు, వేసిన తేదీ, మాత్రలు, డోసు రాసిన కార్డు రోగి జేబులో ఉండాలి. మూతి వంకరపోయినా, మాట తడబడినా, ఒక చెయ్యి పడిపోయినా 108కి ఫోన్ చేసి, వాళ్లు రాగానే ఆ కార్డు చేతికివ్వండి.