పేరిత కంకి

వేదిక మీది పెద్దలకు, పిల్లలకు నమస్కారం.

శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం గురించి మాట్లాడమన్నారు. మన శేషాచలం కొండల్లో 1989లో ప్రకటించిన అడవి, 353 చదరపు కిలోమీటర్లు. రాత్రిళ్లు తిరిగే పెద్దకళ్ల చిన్న జంతువు దేవాంగ పిల్లి గురించి, జలపాతాల పక్క రాతి పగుళ్లలో బతికే బంగారు బల్లి గురించి రాసుకొచ్చాను. ఆ కాగితాలు పక్కన పెడుతున్నా. పొద్దున బస్సు దిగి వస్తుంటే రోడ్డు పక్కన గోనెపట్టా మీద పేరిత కంకులు పరిచి అమ్ముతున్నారు. అది చూశాక ఇంకేదీ మాట్లాడబుద్ధి కావడం లేదు.

పేరిత చెట్టును చూసినవాళ్లు చేతులెత్తండి. ముగ్గురే! శేషాచలం కింద చదువుకుంటూ ముగ్గురేనా నాయనా?

చూడ్డానికి చిన్న ఈతచెట్టులా ఉంటుంది. పుస్తకాల్లో సైకస్ బెడ్డోమి. ఈ కొండల్లో, కడప వైపు కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా తనంతట తాను పెరగదు. అడవి జంతువులు, మొక్కల వ్యాపారాన్ని దేశాల మధ్య కట్టడి చేసే సైటిస్ ఒప్పందంలో పులి ఉన్న మొదటి జాబితాలోనే ఇదీ ఉంది. కార్చిచ్చులో ఆకులన్నీ మాడినా మళ్లీ చిగురిస్తుంది. కానీ ఇందులో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. పుప్పొడంతా మగచెట్టు మొవ్వులో వచ్చే కంకిలోనే. దాన్నే మదనకామాక్షి అని, ఒంటికి బలమని అమ్ముతారు.

నేనూ కోశాను. అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. మా నాయనకు కీళ్లనొప్పులు. ఎవరో చెబితే తలకోన వైపు కొండెక్కి రెండు కంకులు తెచ్చా. నొప్పి తగ్గలేదు. కొన్నేళ్లకు అదే వాలుకు వెళ్తే, ఒక యానాది పెద్దాయన ఆడచెట్టు గింజలు నా చేతిలో పోసి పగలగొట్టి చూడమన్నాడు. అన్నీ తాలే. "మగ కంకులు కోసుకుపోతే ఇంతే సామీ" అన్నాడు. రెండే కదా అనుకున్నా కోసినప్పుడు. ఆ వాలులో ఉన్న మగచెట్లే రెండు.

ఎర్రచందనం దుంగ పట్టుబడితే పేపర్లో ఫొటో వస్తుంది. పేరిత కంకి గోనెసంచిలో బస్సెక్కి వచ్చేస్తుంది, ఎవరూ అడగరు. 2010 నుంచి శేషాచలం జీవావరణ రిజర్వు కూడా, అంటే ఇక్కడి చెట్టూ చేమా, జీవజాతులను కాపాడాలని ప్రకటించిన ప్రాంతం. అయినా అడగరు!

దేవాంగ పిల్లి సంగతి ఇంకోసారి చెబుతా. సభ అయ్యాక నేను ఆ గోనెపట్టా దగ్గరికే వెళ్తున్నా. అమ్మే ఆయన మీద కేకలేయడానికి కాదు, ఆయనదీ పొట్టకూడే. కొనడానికి వచ్చేవాళ్లకు ఆ తాలు గింజల సంగతి చెబుతా. నాతో వచ్చేవాళ్లు గేటు దగ్గర ఉండండి.