ఈబుక్ ధర పెట్టే హక్కు ఎవరి చేతిలో ఉంది?

అందరికీ నమస్కారం. నేరుగా విషయంలోకి వచ్చేస్తాను. అమెరికాలో పెద్ద ప్రచురణ సంస్థలూ అమెజానూ ఈబుక్ ధరల కోసం ఏళ్ళ తరబడి కొట్టుకున్నాయి. పది డాలర్లా పదిహేనా అన్నది పైకి కనిపించే గొడవ. ధర పెట్టే అధికారం ఎవరిదన్నదే అసలు తగాదా, ఆ అధికారం అమెజాన్ వైపు జారిపోవడంలో ప్రచురణకర్తల చెయ్యి కూడా ఉందని నా వాదన.

2007 నవంబరులో అమెజాన్ వాళ్ళ ఈబుక్ రీడర్ కిండిల్ వచ్చింది. కొత్త బెస్ట్‌సెల్లర్లు చాలావరకు 9.99 డాలర్లే. అప్పట్లో ఈబుక్కులదీ అచ్చు పుస్తకాల్లాగే హోల్‌సేల్ లెక్క. ప్రచురణకర్త ఒక ధర వేస్తాడు, దుకాణం అందులో దాదాపు సగానికి కొంటుంది, ఆ తర్వాత ఎంతకైనా అమ్ముకోవచ్చు. ధర 26 డాలర్లనుకోండి, అమెజాన్ 13 ఇచ్చి కొని 9.99కి అమ్మేది, అంటే కాపీకి మూడు డాలర్లు చేతినుంచి పడేది. ప్రచురణకర్త డబ్బు ప్రచురణకర్తకి వస్తూనే ఉంది, మరి బాధేంటి? కొత్త పుస్తకమంటే పది డాలర్లే అని పాఠకులకి అలవాటైపోయాక, అమ్మకాలన్నీ ఒక్క దుకాణంలోనే జరుగుతున్నప్పుడు, ఆ దుకాణం వచ్చి "ఇక 13 ఇవ్వలేం, తగ్గించండి" అంటే కాదనగలరా? ఆ భయం న్యాయమైనదే.

2010 జనవరిలో ఐప్యాడ్‌తో పాటు ఆపిల్ ఇంకో పద్ధతి పట్టుకొచ్చింది. ధర ప్రచురణకర్తే పెడతాడు, దుకాణం ఏజెంటులా 30 శాతం తీసుకుంటుంది. మాక్‌మిలన్ ప్రచురణ సంస్థ అధిపతి జాన్ సార్జెంట్ అమెజాన్ కేంద్రమైన సియాటెల్ వెళ్ళి ఇకమీదట ఇదే పద్ధతి అని చెబితే, అమెజాన్ ఆ సంస్థ పుస్తకాలకి కొనే బటన్ తీసేసింది, అచ్చు పుస్తకాలకి కూడా! వారాంతం గడిచేలోపే తలొగ్గుతున్నామని ప్రకటించిందనుకోండి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి లెక్క చూడండి. కొత్త పద్ధతిలో 12.99 డాలర్ల ఈబుక్ మీద ప్రచురణకర్తకి దక్కేది తొమ్మిది డాలర్ల చిల్లర. పాత పద్ధతిలో 13 వచ్చేది. అంటే పాఠకుడు ఎక్కువ కట్టాడు, ప్రచురణకర్తకి తక్కువ వచ్చింది, తెలిసి తెలిసీ ఒప్పుకున్నారు. పట్టు కోసం అంత వదులుకున్నారు.

2012 ఏప్రిల్లో అమెరికా న్యాయశాఖ ఆపిల్ మీదా, హాషెట్, హార్పర్‌కాలిన్స్, మాక్‌మిలన్, పెంగ్విన్, సైమన్ అండ్ షుస్టర్ మీదా, కుమ్మక్కై ఈబుక్ ధరలు పెంచారని కేసు పెట్టింది. ప్రచురణకర్తలంతా రాజీ పడ్డారు. ఆపిల్ పోరాడి 2013లో ఓడిపోయింది, 2016లో సుప్రీంకోర్టు కూడా వినననడంతో 45 కోట్ల డాలర్లు కట్టింది. తీర్పు సరైనదేనని నేననుకుంటాను. భయం ఎంత నిజమైనా, పోటీదారులు కలిసి కూర్చుని పాఠకుడి మీద ధర పెంచడం తప్పే.

2014లో మళ్ళీ మొదలు. ఈసారి హాషెట్. కొత్త ఒప్పందం కుదరలేదని అమెజాన్ ఆ సంస్థ పుస్తకాలకి ముందస్తు ఆర్డర్లు ఆపేసింది, ఉన్నవి వారాల తరబడి ఆలస్యంగా పంపింది. పెద్ద రచయితలు తట్టుకుంటారు, మొదటి నవల ఆ నెలల్లోనే విడుదలైన వాళ్ళ పరిస్థితేంటి? తొమ్మిది వందల మందికి పైగా రచయితలు సంతకాలు చేసిన లేఖ న్యూయార్క్ టైమ్స్‌లో ప్రకటనగా వచ్చింది. నవంబరులో రాజీ కుదిరి, ధర పెట్టే హక్కు హాషెట్‌కే దక్కింది.

మరి ప్రచురణకర్తలు గెలిచినట్టేనా? కాగితం మీద గెలిచారు, అంతే. పైరసీ భయంతో ప్రతి ఈబుక్కుకీ డీఆర్ఎం తాళం, అంటే కాపీ చేసుకోకుండా ఫైలుకి వేసే సాంకేతిక తాళం, వేయమన్నది వాళ్ళే కదా, ఆ తాళంతో అమ్మిన కిండిల్ పుస్తకం ఇంకో కంపెనీ రీడర్‌లో తెరుచుకోదు, కాబట్టి వంద పుస్తకాలు అక్కడ కొన్న మనిషి నూటొకటోది కూడా అక్కడే కొంటాడు, పాఠకుడు కదలకపోతే ప్రచురణకర్త ఎక్కడికని పోతాడు? అమెజాన్ బటన్ తీసేస్తే అంత టెన్షన్ పడాల్సి వచ్చింది ఇందుకే. మాక్‌మిలన్‌లోనే భాగమైన టోర్ అనే ప్రచురణ సంస్థ 2012లో ఆ తాళం తీసేసింది. ఏడాది తర్వాత, తమ పుస్తకాల పైరసీ చెప్పుకోదగ్గంతగా ఏమీ పెరగలేదని దాని బ్రిటన్ విభాగం ప్రకటించింది. మిగతా పెద్ద సంస్థలు ఆ దారి పట్టలేదు, నాకు కోపం వచ్చేది అక్కడే.

ఇక్కడ రచయితలుంటే ఒక్కటే అడుగుతాను. ఈబుక్ ఒప్పందం మీద సంతకం పెట్టేటప్పుడు రాయల్టీ శాతంతో పాటు, నా పుస్తకాన్ని డీఆర్ఎం లేకుండా అమ్ముతారా అని కూడా అడగండి. జవాబు కాగితం మీద రాయించుకోండి.