ఎవరి వైపు నుంచి వచ్చిందని అడగకండి

కాపరులకు, సంఘ పెద్దలకు, యువజన కూటానికి ప్రభువు పేరట వందనాలు.

సంబంధం ఖాయమయ్యాక చేయించిన రక్తపరీక్షలో అబ్బాయి, అమ్మాయి ఇద్దరూ బీటా థలసీమియా అనే రక్త జబ్బుకు క్యారియర్లని, అంటే ఆ జన్యులోపాన్ని మోసేవాళ్ళని తేలిందనుకోండి. వాళ్ళకు జబ్బు లేదు, రాదు కూడా. కానీ వాళ్ళకు పుట్టే బిడ్డకు ఆ జబ్బు తీవ్రరూపమైన థలసీమియా మేజర్ వచ్చే అవకాశం నూటికి 25. మొదటి బిడ్డకు వచ్చిందని రెండో బిడ్డకు తప్పిపోదు, ప్రతి కాన్పుకూ అదే లెక్క. మేనరికాల్లో ఇలాంటి జంటలు కుదిరే అవకాశం ఇంకా ఎక్కువ.

ఆ కాగితం ఇంటికి రాగానే మొదట వినపడే మాట, "ఎవరి వైపు నుంచి వచ్చింది?" ఇద్దరి నుంచీ వస్తేనే ఆ జబ్బు. అయినా నిందంతా కోడలి మీదే పడుతుంది. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులూ "పాపం చేసింది ఎవరు? వీడా, వీని కన్నవారా?" అనే అడిగారు. ఇద్దరూ కారన్నాడు యేసు. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం ఆ ఇంట్లో, అత్తగారి ఎదుటే చదవండి.

ఇంకో సంగతి. మంచి మనసుతోనే ఆదివారం ఆరాధనలో పేరు పెట్టి ప్రార్థన మనవి చెప్పేస్తాం. సాయంత్రానికి ఊరంతా పాకుతుంది, ఆ అమ్మాయి చెల్లెలికి సంబంధాలు రావు. దయచేసి ఇది మానండి. అయితే ఆ చెల్లెలు కూడా క్యారియర్ అయ్యే అవకాశం కనీసం సగం. ఆమెకు తెలియాలి. అయితే జన్యు సలహాలిచ్చే కౌన్సెలర్, అక్కను దాటి ఆమెకు చెప్పకూడదు, అక్కే చెప్పేలా ధైర్యమివ్వాలి.

అన్నిటికంటే కష్టమైనది గర్భస్థ శిశువు విషయం. దాదాపు 11 వారాలు దాటాక మాయ నుంచి నమూనా తీసి పరీక్షించవచ్చు. తీవ్రమైన లోపముందని మెడికల్ బోర్డు తేలిస్తే, గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం గర్భస్రావానికి వారాల పరిమితి లేదు. తల్లి గర్భంలో మనల్ని నిర్మించేది దేవుడేనని 139వ కీర్తన చదువుకున్న నేను, ఆ బిడ్డను తీసేయమనలేను. అలాగని వాస్తవాలు దాచి ఆ దంపతులను నా దారికి తిప్పుకుంటే అది అబద్ధసాక్ష్యమే. అడిగితే నా నమ్మకం చెబుతాను. నిర్ణయం వాళ్ళది. ఏది నిర్ణయించుకున్నా ప్రభువు బల్ల దగ్గర వాళ్ళను వేలెత్తి చూపే హక్కు మనకు లేదు.

బిడ్డను కనమన్న సంఘానికి మాత్రం బాధ్యత ఉంది. ఆ బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, ఒంట్లో పేరుకునే ఇనుము తగ్గడానికి మందులు వాడాలి. మగవాళ్ళు మూడు నెలలకోసారి, ఆడవాళ్ళు నాలుగు నెలలకోసారి రక్తమివ్వవచ్చు. యువజన కూటం వాళ్ళు ఈ రోజే దాతల పేర్లు, బ్లడ్ గ్రూపులు రాయడం మొదలుపెట్టండి.