డబ్బు కనబడింది, చెక్కు చెల్లలేదు

అందరికీ నమస్కారం. భోజనాలకు ముందు మాట్లాడేవాడు తొందరగా దిగిపోవాలని సెక్రటరీ గారు ముందే హెచ్చరించారు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

ఇక్కడున్న వాళ్లలో కాలేజీ ఫీజుకో, పరీక్ష ఫీజుకో ఒక్కసారైనా డీడీ తీయని వాళ్లు తక్కువే. లైన్లో నిలబడి, ఫారం నింపి, డబ్బు ముందే కట్టి తీసుకునేవాళ్లం. డీడీ అంటే డబ్బే అన్న నమ్మకం అక్కడే మనలో పాతుకుపోయింది. ఈ అమెరికా వచ్చాక క్యాషియర్స్ చెక్ అనగానే "ఓహో, మన డీడీ లాంటిదే" అనుకుంటాం. ఆ పోలికలో పెద్ద తప్పు లేదు. బ్యాంకు తన సొమ్ములోంచే చెల్లిస్తానని తానే రాసిచ్చే చెక్కు అది. అసలుదైతే, ఖాతాలో డబ్బు లేదని వెనక్కి రాదు. "అసలుదైతే" అన్న ఆ మాట దగ్గరే మనవాళ్లు దెబ్బతింటున్నారు.

నేను వకీలుని కాదు. బ్యాంకులో చెక్కుల విభాగంలో చాలా ఏళ్లు పనిచేసినవాణ్ని. మీ సొంత కేసుకు మాత్రం వకీలునే అడగండి.

మనలో ఒక తమ్ముడు ఉద్యోగం మానేసి హైదరాబాద్ వెళ్లిపోదామనుకున్నాడు. తన హోండా అకార్డ్‌ను ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టాడు. శుక్రవారం మధ్యాహ్నం ఒకడు వచ్చాడు. 14,700 డాలర్లంటే రెండు వందలు తగ్గించమని బేరమాడాడు. దొంగ బేరమాడతాడని మనమెందుకు అనుకుంటాం! మనవాడు జాగ్రత్తపరుడే. "పద, బ్యాంకులోనే చూసుకుందాం" అని తీసుకెళ్లాడు. కాకపోతే తీసుకెళ్లింది తన ఖాతా ఉన్న బ్యాంకుకి. చెక్కు మీద పేరున్నది వేరే బ్యాంకు. కౌంటర్లో ఉన్న టెల్లరమ్మ చెక్కును వెలుతురులో పెట్టి చూసింది. వాటర్‌మార్క్ ఉంది, కాగితం దళసరిగా ఉంది. రసీదు చేతికిచ్చి "సోమవారానికి క్లియర్ అయిపోతుంది" అంది.

అప్పటికీ మనవాడు తాళాలివ్వలేదు. సోమవారం దాకా ఆగాడు. పొద్దున్నే యాప్ తెరిస్తే డబ్బు కనబడింది. టైటిల్ (కారు యాజమాన్య పత్రం) వెనక సంతకం పెట్టి కారు అప్పగించాడు. మంగళవారం ఫ్లాటు వాయిదా కోసం 13,000 ఇండియాకు పంపాడు. గురువారం చూసుకుంటే ఖాతాలో మైనస్ 10,712. చివరి ఆ 12 డాలర్లు, చెక్కు వెనక్కి వచ్చినందుకు బ్యాంకు వేసిన ఫీజు.

నాకు ఫోన్ చేసి ఒకటే అడిగాడు: "అన్నా, మరి సోమవారం కనబడిన డబ్బు ఎవరిది?"

బ్యాంకుది. ఒకప్పుడు ఇక్కడి బ్యాంకులు మనం వేసిన చెక్కును రోజుల తరబడి పట్టుకుని, డబ్బు ముట్టుకోనిచ్చేవి కావు. జనం గోల పెడితే 1987లో కాంగ్రెస్, అంటే ఇక్కడి పార్లమెంటు, చట్టం చేసింది. దాని కింద ఇక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ తెచ్చిన నిబంధనలే రెగ్యులేషన్ సీసీ. వాటి ప్రకారం మీ పేరు మీదున్న క్యాషియర్స్ చెక్కును మీరే స్వయంగా టెల్లర్‌కిచ్చి మీ ఖాతాలో వేస్తే, మర్నాటి పనిదినానికి ఆ డబ్బు వాడుకోనివ్వాలి. శనివారం పనిదినం కింద లెక్కకు రాదు, అందుకే సోమవారం. ఒక రోజులో వేసిన చెక్కుల మొత్తం 6,725 డాలర్లు దాటితే (2025 జూలైకి ముందు 5,525) పైమొత్తాన్ని బ్యాంకు కొన్నాళ్లు ఆపొచ్చు. ఆపి తీరాలని మాత్రం లేదు. మంచి ఖాతాదారు కదా అని ఆపలేదు, ఆ మర్యాదే ఇక్కడ కొంప ముంచింది.

అంటే చెక్కు అవతలి బ్యాంకుకు చేరి, వాళ్లు చూసి, సరేననేలోపే మీకు డబ్బు ఇచ్చేస్తారు. ఇక్కడి రాష్ట్రాలు పాటించే వ్యాపార చట్టం, యూనిఫాం కమర్షియల్ కోడ్, సెక్షన్ 4-214 చూడండి. చెక్కు చెల్లకపోతే ఆ జమను బ్యాంకు వెనక్కి లాక్కోవచ్చు, మీరు ఈలోపు ఖర్చు పెట్టేసినా సరే.

"టెల్లరమ్మ క్లియర్ అవుతుందని చెప్పింది కదా" అంటారు. ఇదే గొడవ న్యూయార్క్ అత్యున్నత కోర్టు దాకా వెళ్లింది. 2011లో తీర్పు వచ్చింది, గ్రీన్‌బర్గ్ కేసు అంటారు. అక్కడ మోసపోయింది ఏకంగా ఒక లా ఫర్మ్. 197,750 డాలర్ల నకిలీ చెక్కు జమ చేశారు. బ్యాంకును అడిగితే క్లియర్ అయిందన్నారు. వెంటనే 187,750 హాంకాంగ్ పంపేశారు. తర్వాత చెక్కు వెనక్కి వచ్చింది. "క్లియర్" అన్న మాటకు కచ్చితమైన అర్థం లేదు, దాన్ని పట్టుకుని అంత డబ్బు పంపడం మీ తప్పేనంది కోర్టు. వకీళ్లకే ఆ గతి పడితే మన తమ్ముడు ఏపాటి!

పోనీ, చెక్కు మీద ఎవరి పేరుందో ఆ బ్యాంకును పట్టుకుందామా? వాళ్లు సంతకం పెట్టలేదు. సంతకం పెట్టనివాడికి చెక్కు మీద బాధ్యత లేదు. ఒక్క సందు ఉంది. 1762లో లండన్‌లో ప్రైస్, నీల్ అనే ఇద్దరి కేసులో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ఒక మాట తేల్చాడు: నువ్వు డబ్బు చెల్లించాలంటూ రాసిన కాగితంలో సంతకం దొంగదో కాదో చూసుకోవాల్సింది నువ్వే, చెల్లించేశాక మంచి మనసుతో తీసుకున్నవాణ్ని వెనక్కి అడగొద్దు అని. నలభై పౌండ్ల బిల్లులు (చెక్కు లాంటి హుండీలు) రెండు. ఆ దొంగ సంతకం చేసినవాణ్ని ఉరి తీశారు కూడా. ఆ సూత్రం ఇప్పటికీ బతికే ఉంది. చెక్కు మీద పేరున్న బ్యాంకు, ఆ నకిలీ చెక్కు తనకు అందాక మర్నాటి పనిదినం అర్ధరాత్రిలోపు తిప్పి పంపకపోతే నష్టం సాధారణంగా దానిదే. అందుకే రిటర్న్ అయిన తేదీలు, గంటలు ఒకసారి వకీలుకు చూపించండి. ఎక్కువసార్లు ఆ బ్యాంకులు సకాలంలోనే తిప్పి పంపుతాయి, అది వేరే మాట.

కారు సంగతి ఇంకా బాధాకరం. కొన్నవాడు నకిలీ చెక్కు ఇచ్చాడు కాబట్టి బాకీ తీరలేదు, వాడి మీద కేసు వేయొచ్చు. వాడి పేరే అబద్ధం. ఇక కారు, వాడు వారంలోపే ఇంకొకరికి అమ్మేశాడు. అదే కోడ్ సెక్షన్ 2-403 ప్రకారం, చెల్లని చెక్కిచ్చి సరుకు పట్టుకెళ్లినవాడు కూడా, సంగతి తెలియని నిజాయితీపరుడికి తగిన ధరకు అమ్మితే, ఆ కొన్నవాడికి సాధారణంగా పూర్తి హక్కు వస్తుంది. తాళాలు దొంగిలించి కారు ఎత్తుకుపోయి ఉంటే లెక్క వేరుగా ఉండేది. మనవాడు తన చేత్తో సంతకం పెట్టి ఇచ్చాడు. ఆ కారు ఇప్పుడు ఓక్లహోమాలో ఎవరి పిల్లల్నో బడికి దింపుతోంది.

మరి అమ్మేదెలా అంటే, నేనైతే కొనేవాడి బ్యాంకు బ్రాంచికే వెళ్తాను. నా కళ్ల ముందు కౌంటర్ వెనక చెక్కు రాయించి, అప్పుడు తీసుకుంటాను. వాడు ముందే రాయించుకొచ్చానంటే, ఆ బ్రాంచి నంబరు నేనే వెతుక్కుని చేస్తాను. చెక్కు మీద అచ్చేసిన నంబరుకు చేస్తే ఆ దొంగ మనిషే ఎత్తుతాడు. ఫోన్లో ఔనన్నా పూర్తి ధీమా వద్దు, నిజమైన చెక్కునే నకలు తీసి అచ్చేసేవాళ్లున్నారు. సోఫాకు 600 అడిగితే 1,900కి చెక్కు పంపి, మిగతాది మూవర్స్‌కు (సామాను మోసేవాళ్లకు) జెల్‌లో, అంటే ఫోన్లో డబ్బు పంపే Zelleలో, పంపమన్నాడా, ఇంక మాట్లాడటం అనవసరం. ఈమధ్య అదే ఎక్కువ.

జరిగిపోతే వెంటనే పోలీసు రిపోర్టు ఇవ్వండి. వీసా మీదున్నాం, మనల్నే అనుమానిస్తారేమోనని మన తమ్ముడు పది రోజులు టెన్షన్‌తో ఇంట్లోనే కూర్చున్నాడు. తెలిసి చేస్తేనే నేరం, తెలియక మోసపోతే మీరు బాధితులు. ఆ పది రోజుల్లోనే కారు చేతులు మారిపోయింది.

అతను ఇంకా హైదరాబాద్ వెళ్లలేదు, ఆ మైనస్ తీరుస్తున్నాడు. అదిగో, వెనక వరసలో కూర్చున్నాడు. వెనక్కొచ్చిన ఆ చెక్కు కాపీ జేబులో తెచ్చాడు, చూపిస్తానన్నాడు. అడుగున, చెక్కు ఏ బ్యాంకుదో చెప్పే తొమ్మిది అంకెల రౌటింగ్ నంబరు గమనించండి. పైన డాలస్ అడ్రసు, కింద నంబరు మాత్రం 02తో మొదలవుతుంది, అది న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ పరిధి. ఒక్కదాన్ని బట్టే నకిలీ అని తేల్చలేం కానీ, నేను చూడగానే నా వేలు అక్కడే ఆగింది.