మీ కీబోర్డ్‌లో తంబురా ఎక్కడ దాక్కుంది? మిడితో పట్టుకుందాం

నమస్తే అండి. కీబోర్డ్ డబ్బా మీద పెద్ద అంకె ఒకటి వేస్తారు కదా, నాలుగు వందల టోన్లు, ఆరు వందల టోన్లు అని. ఇంటికి తెచ్చుకున్నాక మనం వాడేవి ఎన్ని? పియానో, స్ట్రింగ్స్, ఫ్లూట్, ఓ ఆర్గన్. చర్చిలో వాయించేవాళ్లైతే ఒక ప్యాడ్, అదే, పాట వెనకాల మెత్తగా పరుచుకునే టోన్. మిగతావి అలా పడి ఉంటాయి. వాటి సంగతి, అసలు ప్యానెల్ బటన్లకే అందని వాటి సంగతి ఇవాళ చూద్దాం. దానికి దారి మిడి, అంటే వాయిద్యాలూ కంప్యూటర్లూ ఒకదానికొకటి ఆదేశాలు పంపుకునే పద్ధతి. కావాల్సినవి ఒక యూఎస్‌బీ కేబుల్, కంప్యూటరో ఫోనో ఒకటి, ఇంకా మూడు అంకెలు.

ఇది హ్యాకింగ్ కాదండి. స్క్రూ ఒక్కటి కూడా విప్పేది లేదు. అలాగే మార్కెట్లో పెన్‌డ్రైవ్‌లో వేసి అమ్మే ‘ఇండియన్ టోన్స్’ లాంటిది కూడా కాదు. అక్కడ బయటి శబ్దాలను కీబోర్డ్‌లోకి ఎక్కిస్తారు. ఇక్కడ మనం ఏమీ ఎక్కించం. చిప్‌లో ఫ్యాక్టరీ పెట్టి పంపినదాన్నే పిలుస్తాం. చిప్‌లో లేనిది ఎంత పిలిచినా రాదు. ‘మిడితో వెయ్యి కొత్త టోన్లు’ అని థంబ్‌నెయిల్ పెట్టేవాళ్లను చూసి ఆశపడకండి.

మిడి తీగలో శబ్దం ప్రయాణించదు, ఆదేశాలే ప్రయాణిస్తాయి. ఈ మీట నొక్కారు, ఇంత బలంగా నొక్కారు, ఇప్పుడు వదిలారు, ఈ టోన్‌కు మార్చు. అంతే. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ అనే సంగీత వాయిద్యాల ప్రదర్శనలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ వాళ్ల ప్రాఫెట్-600ను, రోలాండ్ వాళ్ల జూపిటర్-6ను కలిపి చూపించారు. ఒక కంపెనీ వాయిద్యం మీద వాయిస్తే ఇంకో కంపెనీ వాయిద్యం పలికింది. ఆ పనికే సీక్వెన్షియల్ సర్క్యూట్స్ స్థాపకుడు డేవ్ స్మిత్‌కు, రోలాండ్ స్థాపకుడు ఇకుతారో కకెహాషికి 2013లో టెక్నికల్ గ్రామీ ఇచ్చారు.

తర్వాత 1991లో జనరల్ మిడి వచ్చింది. ఏ కంపెనీ కీబోర్డ్ అయినా 1వ నంబర్ పియానో, 41 వయొలిన్, 74 ఫ్లూట్ అని 128 టోన్లకు వరస ఖాయం చేశారు. మన దేశం వైపు నుంచి ఆ వరసలో 105లో సితార్, 112లో షెహనాయ్ ఉన్నాయి. వీణ లేదు, నాదస్వరం లేదు. డ్రమ్స్ వైపు చూస్తే తబలా లేదు, మృదంగం లేదు. 124లో పక్షి కూత, 126లో హెలికాప్టర్ మాత్రం భద్రంగా ఉన్నాయి! హెలికాప్టర్‌కు దొరికిన చోటు వీణకు దొరకలేదన్నమాట.

128 దగ్గరే ఎందుకు ఆగారంటే, మిడిలో ఒక అంకె 0 నుంచి 127 వరకే వెళ్తుంది. టోన్ మార్చే ఆదేశం పేరు ప్రోగ్రామ్ ఛేంజ్. అందులో ఒకటే అంకె పడుతుంది. మరి ఆరు వందల టోన్లున్న కీబోర్డ్ సంగతి? అక్కడ బ్యాంక్ సెలెక్ట్ వస్తుంది. కంట్రోల్ నంబర్ 0తో ఒక అంకె, కంట్రోల్ నంబర్ 32తో ఇంకో అంకె. మొదటిది ఎమ్మెస్‌బీ, రెండోది ఎల్లెస్‌బీ. వాటి తర్వాత ప్రోగ్రామ్ ఛేంజ్. కాలనీ, వీధి, ఇంటి నంబర్ అనుకోండి. ప్రతి టోన్‌కూ ఈ మూడు అంకెల చిరునామా ఉంటుంది.

1994లో యమహా ఈ చిరునామాలకు ఎక్స్‌జీ అని తన పద్ధతి తెచ్చింది. రోలాండ్ అంతకు ముందే జీఎస్ తెచ్చింది గానీ, మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే చిన్న యమహాలకు ఎక్స్‌జీయే దగ్గర కాబట్టి దాన్నే పట్టుకుందాం. ఎక్స్‌జీలో ఎమ్మెస్‌బీ 0 అంటే మామూలు టోన్లు, 64 అంటే సౌండ్ ఎఫెక్టులు, 127 అంటే డ్రమ్ కిట్లు. ఎమ్మెస్‌బీ 0లో ఎల్లెస్‌బీ మారుస్తూ పోతే ఒకే టోన్‌కు రకరకాల రూపాలు వస్తాయి. 96, 97కు వెళ్లేసరికి ఆ వాయిద్యానికి చుట్టాలు వస్తాయి.

నాకు ఈ వ్యవహారమంతటిలో బాగా నచ్చే చోటు ఇదే. 105, సితార్ తీసుకోండి. ఎల్లెస్‌బీ 0 అయితే మామూలు సితార్. 97 పెడితే తంబురా. 106 బాంజోలో 96 పెడితే రబాబ్, 97 పెడితే గోపీచంద్, అదే, ఒంటి తీగతో బావుల్ గాయకులు వాయిస్తారే, అది. 16 డల్సిమర్‌లో 97 సంతూర్. 112 షెహనాయ్‌లో 96 పెడితే పుంగి, మన పాములవాళ్ల బూర. ఇవన్నీ పూర్తి ఎక్స్‌జీ జాబితాలోవి. పీఎస్సార్-ఈ లాంటి చిన్న కీబోర్డ్‌లలో ఉండేది ఎక్స్‌జీ లైట్, అంటే కొంత కత్తిరించిన జాబితా. మీ మోడల్‌లో ఏవి మిగిలాయో మాన్యువల్ చివర వాయిస్ లిస్ట్‌లో మూడు అంకెలతో సహా ఉంటుంది. చాలామంది తిప్పి చూడని పేజీ అది.

ఇక్కడ మీకు అనుమానం రావాలి. యమహా ఈ-సిరీస్‌లో ఆ ఎక్స్‌జీ లైట్ టోన్లు ప్యానెల్ మీద నంబర్ మార్చుకుంటూ పోయినా వస్తాయి కదా, మిడి ఎందుకు? నిజమే, వస్తాయి. కానీ ప్యానెల్ నుంచి మీకు దొరికేది మెయిన్ ఒకటి, దానితో కలిసి మోగే డ్యూయల్ ఒకటి, ఎడమ చేతి వైపు మోగే స్ప్లిట్ ఒకటి. మిడి నుంచి వెళ్తే అదే చిప్ పదహారు ఛానెళ్లలో, అంటే పదహారు విడివిడి దారుల్లో, పదహారు టోన్లు ఒకేసారి పలికిస్తుంది. పైగా ప్యానెల్ మీద మీరు పెట్టుకున్న టోన్ జోలికి రాదు. అసలు లాభం అక్కడుంది.

చేసి చూద్దాం. కీబోర్డ్ వెనకాల చతురస్రంలా ఉండే యూఎస్‌బీ పోర్టు, ‘టు హోస్ట్’ అని రాసి ఉంటుంది. ప్రింటర్‌కు వాడే కేబులే సరిపోతుంది. విండోస్‌లో యమహా వాళ్ల మిడి డ్రైవర్ వేసుకోవాల్సి రావచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే 6.0 నుంచి మిడి లోపలే ఉంది, కేబుల్‌ను ఫోన్‌కు తగిలించే ఓటీజీ ముక్క ఒకటి చాలు. కంప్యూటర్‌లో నేను చూపించేది మిడి-ఆక్స్ అనే, మిడి ఆదేశాలు పంపే సాఫ్ట్‌వేర్, ఇంట్లో వాడుకోవడానికి ఉచితం.

ఒకటో ఛానెల్‌కు తంబురా కావాలి. పంపేవి ఇవి: 176, 0, 0. తర్వాత 176, 32, 97. తర్వాత 192, 104. మొత్తం ఎనిమిది బైట్లు. 176 అంటే ఒకటో ఛానెల్‌కు కంట్రోల్ ఆదేశం, 192 అంటే ఒకటో ఛానెల్‌కు టోన్ మార్పు. వరస తప్పకూడదు. బ్యాంక్ అంకెలు ఎన్ని పంపినా ఆ చివరి ప్రోగ్రామ్ ఛేంజ్ వచ్చేదాకా కీబోర్డ్ కదలదు. చాలామంది బ్యాంక్ మార్చి, ఏమీ మారలేదని ఇక్కడే వదిలేస్తారు.

105 అని చెప్పి 104 పంపానేమిటి? యమహా మాన్యువల్ 1 నుంచి లెక్కపెడుతుంది, తీగలో వెళ్లే అంకె 0 నుంచి మొదలవుతుంది. కాసియో పట్టికలు సాధారణంగా 0 నుంచే వేస్తారు. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఇలా, కొన్ని అలా. గుర్తుపట్టడం తేలిక. సితార్ అడిగితే బాంజో వచ్చిందా, ఒకటి తగ్గించండి. ఇంకో సంగతి. మీ మోడల్‌లో ఆ 97 లేకపోతే ఎక్స్‌జీ మొండికేయదు, దాని మూల టోన్ అయిన సితార్‌ను ఇస్తుంది. సౌండ్ ఎఫెక్టుల బ్యాంక్‌లో మాత్రం లేనిది అడిగితే నిశ్శబ్దమే.

ఇప్పుడు దీన్ని శ్రుతికి వాడదాం. ఒకటిన్నర శ్రుతి, అంటే సి షార్ప్. తంబురా మీటే వరస మీకు తెలుసు: పంచమం, షడ్జమం, షడ్జమం, మంద్ర షడ్జమం. మిడి నోట్ నంబర్లలో 56, 61, 61, 49. ఏదైనా సీక్వెన్సర్‌లో, అంటే నోట్లు పేర్చి వాయించే సాఫ్ట్‌వేర్‌లో, ఈ నాలుగూ నింపాదిగా వేసి, ఒకదాని మీదికి ఇంకొకటి పారేలా నోట్ పొడుగు పెంచి, లూప్‌లో పెట్టండి. ఆడపిల్లలకు ఐదున్నర కావాలంటే మొత్తాన్ని ఏడు మెట్లు పైకి జరపండి, లేదా ఐదు మెట్లు కిందికి, ఏది వినసొంపుగా ఉంటే అది. కీబోర్డ్ స్పీకర్లోంచి శ్రుతి వస్తూ ఉంటుంది, మీ చేతి కింద ఫ్లూటో వయొలినో మామూలుగా పలుకుతూ ఉంటుంది. సరళీ స్వరాలు సాధన చేసే పిల్లలకు పనికొస్తుంది. శ్రుతి పెట్టె కంటే గొప్పగా ఉంటుందని మాత్రం చెప్పను. తీగ కింద దారం సర్దితే వచ్చే ఆ జుమ్మనే నాదం, ఆ జీవా ఇందులో ఎక్కడ వస్తుంది?

తంబురాకు మీట నొక్కేది కంప్యూటర్. మరి ఆ పుంగిని మీ చేత్తోనే వాయించాలంటే? ఇక్కడే జనం చిక్కుకుపోతారు. బయటి నుంచి వచ్చే మిడి, మీ మీటల నుంచి వచ్చే నోట్లు, చాలా కీబోర్డ్‌లలో వేర్వేరు దారుల్లో వెళ్తాయి. మీరు ఒకటో ఛానెల్‌కు పుంగి పెట్టినా, మీట నొక్కితే ప్యానెల్‌లో ఉన్న పియానోయే మోగుతుంది. అప్పుడు ఫంక్షన్ మెనూలో లోకల్ అనేదాన్ని ఆఫ్ చేయాలి. మీటలకూ చిప్‌కూ మధ్య లోపలి లింకు తెగుతుంది. మీరు నొక్కిన నోటు కేబుల్ గుండా కంప్యూటర్‌కు వెళ్తుంది, కంప్యూటర్ దాన్ని తిరిగి కీబోర్డ్‌కే పంపాలి. సాఫ్ట్‌వేర్‌లో దీన్ని త్రూ అంటారు. అలా తిరిగొచ్చిన నోటు పుంగిగా మోగుతుంది.

లోకల్ ఆఫ్ చేయకుండా త్రూ పెడితే రెండూ కలిసి మోగుతాయి. పియానో కింద పుంగి కావాలనుకుంటే అది వరమే. ఒకే టోన్ రెండుసార్లు మోగితే మాత్రం ముక్కుతో పాడినట్టు ఉంటుంది, నోట్లు కూడా త్వరగా తెగిపోతాయి, ఎందుకంటే చిప్ ఒకేసారి పలికించగల నోట్లకు పరిమితి ఉంది. ఇక లోకల్ ఆఫ్‌లో కేబుల్ పీకేస్తే కీబోర్డ్ మూగబోతుంది. టెన్షన్ పడి సర్వీస్ సెంటర్‌కు మోసుకెళ్లకండి. చాలా మోడళ్లలో ఒకసారి ఆపి ఆన్ చేస్తే లోకల్ తిరిగి ఆన్ అయిపోతుంది.

టోన్ మార్చడమే కాదు, ఉన్న టోన్‌ను మలచడం కూడా మిడితో కుదురుతుంది. చిన్న కీబోర్డ్‌లో నాబ్‌లు ఉండవు గదా. కంట్రోల్ 74 తగ్గిస్తే మెరుపు తగ్గి టోన్ మెత్తబడుతుంది. 73 పెంచితే మెల్లగా మొదలవుతుంది, 72 పెంచితే మీట వదిలాక కూడా కాసేపు తేలుతుంది. మధ్య విలువ 64, అక్కడి నుంచి అటూ ఇటూ జరపండి. 91 రివర్బ్, 93 కోరస్. మామూలు స్ట్రింగ్స్ తీసుకుని 73, 72 రెండూ 90 దాకా పెంచి, 74ను 45కు దించి, రెండు ఛానెళ్లలో ఒక అష్టకం తేడాతో వాయించి చూడండి. ఆరాధనలో వెనకాల పెట్టుకునే ప్యాడ్ ఇంచుమించు అదే. నన్నడిగితే చవక కీబోర్డ్‌లో కొత్త టోన్ వెతకడం కంటే దీని మీద గంట కూర్చోవడం మేలు.

కొనబోయేవాళ్లకు ఒక మాట. యూఎస్‌బీ రంధ్రం ఉంటే మిడి ఉన్నట్టు కాదు. పెన్‌డ్రైవ్ దూరే వెడల్పాటి పోర్టు వేరు, కరెంటు కోసం పెట్టే పోర్టు వేరు. యమహాలోనే పీఎస్సార్-ఎఫ్51, పీఎస్సార్-ఈ273 లాంటి వాటికి మిడి దారే లేదు. పాత సెకండ్‌హ్యాండ్ వాటికి వెనకాల ఐదు సూదుల గుండ్రటి సాకెట్లు, ఇన్, అవుట్ అని రెండు ఉంటే సంతోషించండి. యూఎస్‌బీ మిడి కేబుల్ విడిగా దొరుకుతుంది. రెండో చివర కీబోర్డ్ ఇన్‌లోకి కంప్యూటర్ అవుట్ వెళ్లాలి, తిరగేసి పెడితే ఏమీ జరగదు.

ఇవేవీ కీబోర్డ్‌లో సేవ్ కావు. ఆపేస్తే పోతాయి. అందుకని మీ శ్రుతి లూప్‌నో, పాటనో మిడి ఫైల్‌గా దాచుకునేటప్పుడు మొదటి బార్ ఖాళీగా ఉంచండి. బ్యాంక్ రెండు అంకెలు, ప్రోగ్రామ్ ఛేంజ్, ఆ 72, 73, 74 విలువలు అన్నీ ఆ బార్‌లో కొంచెం ఎడంగా పేర్చి, నోట్లు రెండో బార్ నుంచి మొదలుపెట్టండి. అన్నీ ఒకే క్షణంలో కుక్కితే కొన్ని కీబోర్డ్‌లు మొదటి నోటును పాత టోన్‌తోనే పలికిస్తాయి.