బర్డ్స్: పన్నెండు తీగల మోత

వ్యాఖ్యాత: 1965 జూన్‌లో ‘మిస్టర్ టాంబరిన్ మ్యాన్’ అమెరికాలో నంబర్ వన్ అయింది. ఆ పాట పాడిన అమెరికన్ రాక్ బ్యాండ్ బర్డ్స్ అనగానే చెవిలో మోగే ఆ గిటార్ నాదం ఎలా పుట్టింది?

గిటారిస్ట్: బ్యాండ్ గిటారిస్ట్ మెగ్విన్ చేతిలో ఉన్నది రికెన్‌బ్యాకర్ 360/12 అనే ఎలక్ట్రిక్ గిటార్. ఆరు జతల తీగలు. మందపు నాలుగు జతల్లో ఒక తీగ అసలు స్థాయిలో, రెండోది పై స్థాయిలో ఉంటాయి. సన్నపు రెండు జతలూ ఒకే శ్రుతి. మామూలు పన్నెండు తీగల గిటార్‌ని కిందికి మీటితే పై స్థాయి తీగ ముందు తగులుతుంది, రికెన్‌బ్యాకర్‌లో మందపు తీగ ముందు. పైగా ఆయనది బాంజో వాయించిన చెయ్యి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ల), మధ్యవేలికీ ఉంగరపువేలికీ లోహపు పిక్‌లు. ఊరికే స్ట్రమ్ చేస్తే ఆ ధార రాదు.

సౌండ్ ఇంజనీర్: గిటార్ ఒక్కటే చాలదండీ. ఆ స్వరం టంగుమని మోగి చప్పున ఆరిపోతుంది. కొలంబియా స్టూడియోలో కంప్రెసర్ అనే శబ్దాన్ని సమం చేసే పరికరం గట్టిగా పట్టించారు. అది మొదటి దెబ్బను అణుస్తుంది, ఆరిపోయే స్వరాన్ని నిలబెడుతుంది. ఇప్పుడు ప్రయత్నించేవాళ్లు ట్రెబుల్, అంటే పై స్వరాల మోత, పెంచేస్తారు. చెవికి గుచ్చుకోవడమే తప్ప స్వరం నిలవదు. శ్రుతి కూడా చూసుకోవాలి. జతలో రెండు తీగలు కాస్త కలవకపోయినా కంప్రెసర్ ఆ తేడాను చివరిదాకా వినిపిస్తుంది.

వ్యాఖ్యాత: ఆ రికార్డులో బ్యాండంతా వాయించలేదట కదా?

విమర్శకుడు: నిజమే. 1965 జనవరి 20 నాటి సెషన్‌లో బ్యాండ్ తరఫున వాయించింది మెగ్విన్ ఒక్కడే. డ్రమ్స్ హాల్ బ్లెయిన్, బేస్ లారీ నెక్టెల్. గొంతులు మాత్రం బ్యాండ్ సభ్యులు మెగ్విన్, జీన్ క్లార్క్, క్రాస్బీలవి. మూడు గంటల్లో రెండు పాటలు అయిపోయాయనీ, తామే వాయించిన ‘టర్న్! టర్న్! టర్న్!’కి 77 టేకులు పట్టాయనీ మెగ్విన్ చెప్పాడు. అయినా డిసెంబరులో అదీ నంబర్ వన్. అందుకే వీళ్లకి వాయించడం రాదనే మాట నేను ఒప్పుకోను.

గిటారిస్ట్: వాళ్ల ‘ఎయిట్ మైల్స్ హై’ పాట వింటే ఆ మాట ఎవరూ అనరు! జాజ్ కళాకారుడు కోల్ట్రేన్ శాక్సఫోన్, రవిశంకర్ సితార్ విని కట్టిన సోలో అది. కంప్రెసర్ స్వరాన్ని నిలబెట్టబట్టే గిటార్ అలా సాగింది.

వ్యాఖ్యాత: మరి ఆ పాట అమెరికా చార్టులో 14వ స్థానం దగ్గరే ఎందుకు ఆగింది?

విమర్శకుడు: మత్తుమందుల పాటని ముద్ర వేసి చాలా రేడియో స్టేషన్లు పక్కన పెట్టాయి. కానీ నా దృష్టిలో అంతకన్నా పెద్ద దెబ్బ, 1966 మొదట్లో క్లార్క్ వెళ్లిపోవడం. మొదటి రెండు ఆల్బమ్‌లలో సొంత పాటలు ఎక్కువగా రాసింది ఆయనే. 1967 అక్టోబరులో క్రాస్బీనీ పంపేశారు. అమెరికాలో మళ్లీ టాప్ 20 సింగిల్ రాలేదు. 1968లో ‘స్వీట్‌హార్ట్ ఆఫ్ ద రోడియో’ ఆల్బమ్ వచ్చేసరికి, పన్నెండు తీగలు మోగాల్సిన చోట కంట్రీ సంగీతంలో వాడే పెడల్ స్టీల్ గిటార్ వినిపిస్తుంది.